గొర్రెలకు పడని మేత

ఆ ఎండాకాలం ఊళ్ళో పశువులన్నిటికీ డొక్కలు బయటపడితే, మా దొడ్లో ఆవులు మాత్రం నూనె రాసినట్టు నిగనిగలాడేవి. నేను క్యాను పట్టుకుని పాలకేంద్రానికి వెళ్తుంటే గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళు నా వంక కాకుండా నా క్యాను వంక చూసేవారు. నా తల కాస్త ఎగిరిందంటే ఆ తప్పు నాది కాదు, ఆ చూపులది అనుకునేవాణ్ణి.

అదంతా పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ చలవ. చలి వెనకబడుతున్న రోజుల్లో ఒక దూడకు మందు కోసం వెళ్తే ఆవిడ నన్ను వరండాలో నిలబెట్టి చెప్పింది.

"ఈసారి వానల్ని నమ్ముకోకండి. జొన్న పచ్చిగా ఉండగానే కోసి, ముక్కలు చేసి, కోళ్ళ ఫారంలో మిగిలే ఎరువు కలిపి పాతర వెయ్యండి. గాలి తగలకుండా మూసేస్తే గుంటలోనే పులిసి మాగుతుంది. ఆ పులుపుకి చెడ్డ క్రిములు చస్తాయి, ఎరువులో ఉన్న బలం మేతకు పడుతుంది."

"కోళ్ళ ఎరువా? ఆవులకా?"

"ఆవు పొట్ట మన పొట్ట లాంటిది కాదు. మనం పారేసినదాంట్లోంచి కూడా అది పాలు తీస్తుంది." ఆవిడ చేతులు కడుక్కుంటూ మళ్ళీ అడిగింది. "మీకు గొర్రెలున్నాయా?"

"లేవండి."

"అయితే సరే. దీన్ని గొర్రెలకు మాత్రం పెట్టకూడదు. కోళ్ళ దాణాలో రాగి కలుపుతారు. అది ఎరువులోకి దిగుతుంది. ఆవులు తట్టుకుంటాయి కానీ గొర్రెలకు పడదు. తిన్నన్నాళ్ళూ బాగానే ఉంటాయి, తర్వాత ఒక్కసారిగా పోతాయి."

తలూపాను. మాకు గొర్రెలు లేవన్నది నిజమే. గొర్రెలున్నది మా తమ్ముడికి. వాడి దొడ్డికీ మా దొడ్డికీ మధ్య ఒక గోడ, అది నా నడుం దాకా కూడా రాదు. అయినా రెండేళ్ళుగా ఆ గోడ మీంచి మా ఇద్దరి మధ్య ఒక్క మాట దాటలేదు. పంపకాల్లో బావి నా వైపు వచ్చింది, వాడి చేనుకి నీళ్ళు చాల్లేదు. అడిగే తీరు వాడికి చేతకాలేదు, ఇచ్చే తీరు నాకు చేతకాలేదు. అంతకు మించి చెప్పుకోదగ్గ కారణం ఏమీ లేదు. కాబట్టి డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఆవుల సంగతి ఇంటికి తెచ్చుకున్నాను. గొర్రెల సంగతి ఆ వరండాలోనే వదిలేశాను.

పాతర పని మా ఆవిడా నేనూ కలిసి చేశాం. కోళ్ళు అమ్ముడుపోయాక ఖాళీ అయిన షెడ్డులో నేల మీద పరిచిన పొట్టు, దాని మీద పడిన రెట్ట కలిసి అట్టలు కట్టి ఉంటాయి. వాటిని చితక్కొట్టి ఎండబెట్టి జల్లెడ పట్టాం. ఈకలు, తీగ ముక్కలు, ఎండిపోయిన కోడిపిల్ల కనబడితే అదీ ఏరి పారేశాం. మా ఆవిడ ముక్కుకి గుడ్డ కట్టుకుని ఏ ఒక్క తీగ ముక్కనూ వదల్లేదు. నేను గడ్డి కోసే మిషనులో జొన్న కోసి పోస్తుంటే తను గుంటలో దిగి పరిచేది. ఒక వరస జొన్న ముక్కలు, పైన పల్చగా ఎరువు, మళ్ళీ జొన్న. తొక్కడం కూడా తన వంతే. మధ్యలో గాలి మిగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"పెళ్ళయిన కొత్తలో ఎక్కడికైనా తీసుకెళ్ళమంటే రేపు, ఎల్లుండి అన్నారు. చివరికి తీసుకొచ్చింది ఈ గుంటలోకా?" అంది తను, మడమలు దిగేసి తొక్కుతూ.

పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, మట్టి పోసి, పాత టైర్లు బరువు పెట్టాం.

ఊరికి ఈ సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పాలల్లో వెన్న ఎంతుందో చూసి చెప్పే ఒకాయన ఉన్నాడు పాలకేంద్రంలో. అదే పని రోజంతా చేస్తాడు కాబట్టి అందరూ ఆయన్ని వెన్నశాతం అనే పిలుస్తారు. ఆయన నన్ను చూడగానే, "ఏమయ్యా, కోడిరెట్ట తిన్న ఆవు పాలిస్తుందా, గుడ్లు పెడుతుందా?" అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా క్యాన్లు కింద పెట్టి మరీ నవ్వారు.

ఎండలు ముదిరాక గుంట ఒక మూల తెరిచాం. ఏం కంపు కొడుతుందోనని ఇద్దరం మొహాలు పక్కకు తిప్పుకునే పట్టా లేపాం. పులిసిన పిండి వాసన, అందులో కాస్త మాగిన పండు వాసన. జొన్న ముక్కలు పండుటాకు రంగుకి తిరిగాయి. మొదటిరోజు ఆవులు దాన్ని వాసన చూసి, తలెత్తి మమ్మల్ని చూశాయి. మీద కాస్త తవుడు చల్లి ఆశ పెట్టాం. నాలుగు రోజులు పోయాక తొట్టి అడుగు నాకడం మొదలుపెట్టాయి. పాలు చిక్కబడ్డాయి. వెన్నశాతం గాజు గొట్టం ఎత్తి వెలుతురులో చూసి, "ఇక గుడ్లు పెట్టినా కొంటాంలే" అన్నాడు.

అమ్మ తమ్ముడి దగ్గర ఉండేది. ఒక రోజు పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. అమ్మ ఏదీ సూటిగా అడగదు, ఊరంతా చుట్టి వస్తుంది. ఎండల గురించి చెప్పింది, తన మోకాళ్ళ గురించి చెప్పింది, ఆఖరికి అసలు సంగతికి వచ్చింది.

"చిన్నోడి గొర్రెలు గోడ సున్నం నాకుతున్నాయిరా."

"అందరి పశువులూ అలాగే ఉన్నాయమ్మా."

"మీవి లేవుగా."

"మేం ముందు చూసుకున్నాం."

"ముందు చూసుకున్నవాళ్ళు పక్కకు కూడా ఒకసారి చూడొచ్చు."

"నేను ఇవ్వనమ్మా" అన్నాను.

అది గొర్రెలకు పడదమ్మా అంటే ఒక్క మాటతో పోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట అంటే, ఇవ్వాలని నాకు ఉన్నట్టూ, ఇవ్వలేకపోతున్నట్టూ అవుతుంది. ఇవ్వాలని నాకు లేదు. మంచి కారణం చూపించి లేదనడంలో రుచి ఉండదు. నా తమ్ముడు ఏ కారణమూ లేకుండానే లేదనిపించుకోవాలి. ఆ రుచి కోసం ఆ మాట మింగేశాను.

మా ఆవిడ టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. అమ్మ టీ ముట్టుకోకుండా లేచి, మోకాలు పట్టుకుని మెట్టు దిగింది.

"మరీ అంత ముఖం మీద కొట్టినట్టు చెప్పాలా?" అంది మా ఆవిడ.

"ఇంకెలా చెప్పాలి?"

తను గ్లాసులో టీ మొక్కల్లో పారబోసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక వింత మొదలైంది. నేను క్యాను పట్టుకుని వెళ్తుంటే తమ్ముడు ఎదురుపడి సైకిలు దిగి, "పాలకేంద్రానికా అన్నా?" అన్నాడు. చేతిలో పాల క్యాను పెట్టుకుని నేను ఇంకెక్కడికి వెళ్తాను. అయినా రెండేళ్ళ తర్వాత వాడి నోట వచ్చిన మొదటి మాట అది. "ఆఁ" అన్నాను. ఇంకో రోజు గడ్డి కోసే మిషను మొరాయించి నేను దానితో కుస్తీ పడుతుంటే, వాడు గోడ దూకి వచ్చి, కత్తి విప్పి, సానపట్టి బిగించాడు. మిషన్లు చూస్తే చాలు, వాడి చేతులు వాటంతట అవే కదులుతాయి.

"శ్రమ పడ్డావురా" అన్నాను.

"నువ్వు చేసినదానికి ఇదెంత అన్నా" అన్నాడు, గ్రీజు చేతులు గడ్డికి తుడుచుకుంటూ.

నేనేం చేశానా అని ఒక్క క్షణం అనిపించింది. ఎప్పటివో చిన్ననాటి సంగతులు గుర్తొచ్చాయేమో అనుకున్నాను. మెచ్చుకోలు వచ్చినప్పుడు ఇది ఎందుకొచ్చిందని నిలదీసి అడిగేవాడు లోకంలో ఎవడుంటాడు. ఇంట్లోకి వెళ్ళి, "చివరికి తమ్ముడే దిగొచ్చాడు" అని మా ఆవిడతో అన్నాను.

"ఎవరో ఒకరు దిగాలిగా" అంది తను, గిన్నె తోముతూ, నా వైపు చూడకుండా.

గుంటలో మేత నేను అనుకున్నదానికన్నా త్వరగా తరుగుతోంది. మా ఆవిడ ఆవులకు ధారాళంగా వేస్తోందనుకున్నాను. పాలు పెరిగితే మేత తరగదా మరి అని సమాధానం కూడా నేనే చెప్పుకున్నాను.

గొర్రెల ఉన్ని కత్తిరించే రోజు తమ్ముడు గోడ దగ్గర నిలబడి పిలిచాడు. "అన్నా, పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. వస్తావా?"

వెళ్ళాను. వాడి దొడ్లో కాలు పెట్టి ఎన్నాళ్ళయిందో, తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో కూడా మరిచిపోయాను. నేను ఒక్కో గొర్రెనూ పట్టుకొచ్చి వెనక్కి కూలేస్తే, వాడు కత్తెర పట్టి పొట్ట దగ్గర మొదలుపెట్టి కోటు విప్పినట్టు ఉన్ని విప్పేవాడు. మరదలు ఉన్ని పోగుచేసి గోనెల్లో కుక్కుతోంది. అమ్మ నీడలో కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఉన్నిలోకి వేళ్ళు పోనిచ్చి తడిమాను. వెన్నెముక చేతికి తగలడం లేదు. ఊరి గొర్రెలు అట్టముక్కల్లా ఎండిపోయి ఉంటే ఇవి బరువుగా, నిండుగా ఉన్నాయి.

"ఏం పెడుతున్నావురా వీటికి?" అన్నాను.

"నీకు తెలియనిదా అన్నా" అని నవ్వాడు.

"బావగారికి అన్నీ వేళాకోళాలే" అంది మరదలు. ఆ అమ్మాయి నాతో అంత చనువుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడే తొట్టి వైపు నుంచి గాలి వచ్చింది. పులిసిన పిండి వాసన, అందులో కాస్త మాగిన పండు వాసన. అది నా బట్టలదే అనుకున్నాను. రోజూ ఆ గుంటలో దిగి ఎక్కేవాణ్ణి, నా బట్టలకు ఆ వాసన ఉంటుంది. అలా అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా అన్నది ఇప్పటికీ నాకు తేలదు. ఒక్కసారి లేచి వెళ్ళి ఆ తొట్టిలో చూస్తే సరిపోయేది. నా చేతుల్లో గొర్రె గింజుకుంటోంది, తమ్ముడు నవ్వుతున్నాడు, అమ్మ చూస్తోంది. ఆ పూట చెడగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. ఆ రోజు అందరం వాళ్ళింట్లోనే కలిసి తిన్నాం.

మర్నాడు మధ్యాహ్నం గోడ అవతల నుంచి మరదలు "అక్కా, అక్కా" అని పిలిచింది. గొంతు తేడాగా ఉంది. మా ఆవిడ చేతిలో పని వదిలేసి పరిగెత్తింది, వెనకే నేనూ వెళ్ళాను. రెండు గొర్రెలు తల గోడకు ఆనించి నిలబడి ఉన్నాయి. మేత ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు. తమ్ముడు ఒకదాని కనురెప్ప లాగి చూపించాడు. లోపల పసుపు పూసినట్టు ఉంది. అది పోసిన మూత్రం నేల మీద నల్లటి ఎరుపు మరకయింది. పొద్దు వాలేలోగా రెండూ పడిపోయాయి. మరుసటి రోజు ఇంకొన్ని. ఒకటి తల గోడకు ఆనించిందంటే ఇక దాని సంగతి అంతే. చూస్తుండగానే దొడ్డి సగానికి పైగా ఖాళీ అయింది.

డాక్టరమ్మ స్కూటరు మీద వచ్చింది. చచ్చిన గొర్రెను ఒకదాన్ని కోసి చూసింది. కాలేయం పచ్చగా పాలిపోయి ఉంది, మూత్రపిండాలు బొగ్గుముక్కల్లా ఉన్నాయి. ఆవిడ లేచి, తమ్ముణ్ణి అడిగింది.

"ఏం పెడుతున్నారు వీటికి?"

"అన్న పంపిన పాతర మేతేనండి" అన్నాడు వాడు.

అందరూ నా వైపు తిరిగారు. వాడు ఎందుకు అబద్ధం చెబుతున్నాడా అని నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ ముందుకొచ్చింది.

"ఆయన పంపలేదు. ఆయనకు తెలియదు కూడా. ఆయన పాలకు వెళ్ళినప్పుడు నేనే గోడ మీంచి గంపలతో అందించాను. బావగారే పంపారని చెప్పు అని చెల్లికి నేనే చెప్పాను." తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, నెమ్మదిగా అడిగింది. "దానివల్లేనా అమ్మా?"

డాక్టరమ్మ చెప్పింది. కోళ్ళ దాణాలో రాగి సంగతి, గొర్రె దాన్ని బయటికి పంపలేక కాలేయంలో దాచుకునే సంగతి. అలా దాచుకున్నది, ఉన్ని కత్తిరించినప్పుడో దూరం నడిపించినప్పుడో, ఏదో ఒక బెదురుకి ఒక్కసారిగా నెత్తుట్లోకి వదిలేస్తుందని. నేను వరండాలో విన్న మాటలే. మా ఆవిడ ఒక్కో మాటా వింటూ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది, వాటికేదో అంటుకున్నట్టు.

మరదలు నేల మీద కూలబడింది. "పెట్టేముందు ఎవర్నైనా ఒక్క మాట అడగకూడదా అక్కా?" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఒక్క మాట చెప్పాల్సినవాణ్ణి నేను అక్కడే ఉన్నాను. అందరూ విన్నారు, నేనూ విన్నాను. వెళ్ళి కుళాయి దగ్గర నిలబడ్డాను.

డాక్టరమ్మ మిగిలినవాటికి ఏవో లవణాలు కలిపిన మందు తాగించి, కుళాయి దగ్గరికి వచ్చింది. నేను నీళ్ళు వదిలాను. ఆవిడ మోచేతుల దాకా కడుక్కుంటూ తల ఎత్తకుండానే అంది. "మీకు గొర్రెలు లేవన్నారు."

"నాకు లేవండి."

ఆవిడ నన్ను చూసింది, ఆ తర్వాత నా నడుం దాకా రాని ఆ గోడను చూసింది. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

తమ్ముడూ నేనూ గొయ్యి తవ్వి చచ్చిన గొర్రెలన్నిటినీ పూడ్చాం. పలుగు ఇటివ్వు, కాస్త జరుగు, ఇలాంటి మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. ఆవులు పితికే వేళ దాటి అరుస్తున్నాయి. తనకు వినబడటం లేదు. పక్కన కూర్చున్నాను.

"నాకు తెలుసు" అన్నాను.

"ఏం తెలుసు?"

"గొర్రెలకు అది పడదని. ఆవిడ నాకు ముందే చెప్పింది. అమ్మ వచ్చిన రోజు చెబుదామనుకుని కూడా చెప్పలేదు. నేను ఒక్క మాట అని ఉంటే నువ్వు ఇచ్చేదానివి కాదు. తప్పు నీది కాదు."

అలా చెబితే తన భారం నా మీదికి వస్తుందనుకున్నాను. తను కేకలేస్తుందని, రెండు దెబ్బలు వేసినా వేస్తుందని అనుకున్నాను. తను ఆవుల వైపు తిరిగింది.

"మీరు చెప్పి ఉంటే మాత్రం నేను నమ్మేదాన్నా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"రెండేళ్ళ కిందట మీ తమ్ముడు నీళ్ళడిగితే మోటారు కాలిపోయిందన్నారు. ఆ సాయంత్రం మన చేలో పారుతున్న నీళ్ళల్లో నేను కాళ్ళు కడుక్కున్నాను. గొర్రెలకు పడదని మీరు అంటే, ఇదీ ఆ మోటారు లాంటిదే అనుకునేదాన్ని. అనుకుని ఇంకో రెండు గంపలు ఎక్కువే ఇచ్చేదాన్ని."

లేచి, చీపురు తీసుకుని దొడ్డి ఊడ్వడానికి వెళ్ళింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. నేను చెప్పని ఆ ఒక్క మాటే నా తప్పనుకుని, దాన్నే పట్టుకుని తిరుగుతున్నాను అప్పటిదాకా. అంతకు ముందు ఎన్నేళ్ళుగానో చెబుతూ వచ్చిన మాటలన్నీ ఇప్పుడు వచ్చి దానికి తోడయ్యాయి.

ఊరు మా ఆవిడను తీరిగ్గా నమిలింది. కుళాయి దగ్గర తను బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. మొగుడికి తెలియకుండా చేసే దానం ఇలాగే కాలుతుంది అని ఒకావిడ తను వినేలాగే అన్నదట. తను ఇవన్నీ నాతో చెప్పలేదు. నేను పాలకేంద్రంలో విన్నాను. ఒక రోజు వరసలో ఎవడో "ఆడదాని పెత్తనం" అని మొదలుపెట్టగానే క్యాను కింద పెట్టాను.

"తప్పు ఆవిడది కాదు. గొర్రెలకు పడదని నాకు ముందే తెలుసు. తెలిసి చెప్పనిది నేను" అన్నాను, అందరికీ వినబడేలా.

వెన్నశాతం గాజు గొట్టం పక్కన పెట్టి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మగాడంటే అలా ఉండాలయ్యా" అన్నాడు. "పెళ్ళాం చేసిన తప్పు నెత్తినేసుకోవడానికి గుండె కావాలి."

"నెత్తినేసుకోవడం కాదు బాబాయ్. నిజం చెబుతున్నా."

"సరే, నిజమేలే" అన్నాడాయన, పసివాణ్ణి ఊరుకోబెట్టినట్టు. వెనకాల ఎవరో, "ఇలాంటి మొగుడు దొరకడం ఆవిడ అదృష్టం" అన్నారు. నేను మళ్ళీ చెప్పాను. ఎంత గట్టిగా చెబితే అంత మంచివాణ్ణి అయ్యాను. ఆ రోజు నా పాలు ముందుగా కొలిచి పంపించారు.

ఆ సంగతి నాకన్నా ముందే ఇంటికి చేరింది. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అంది. "ఇక మీరు ఎవరికీ చెప్పకండి."

"నిజం చెప్పొద్దా?"

"చెప్పిన ప్రతిసారీ మీరు ఒక మెట్టు ఎక్కుతున్నారు, నేను ఒక మెట్టు దిగుతున్నాను. ఇంక నాకు దిగడానికి మెట్లు లేవు."

ఆ తర్వాత ఊళ్ళో ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. కానీ తమ్ముడికి చెప్పకుండా ఉండలేకపోయాను. నేను వెళ్ళేసరికి వాడు దొడ్లో తొట్టెలు గీకి కడుగుతున్నాడు. మిగిలిన నాలుగు గొర్రెలు ఒక మూల నిలబడి ఉన్నాయి. ఉన్ని లేక చిక్కిపోయినట్టు కనబడుతున్నాయి.

"నీకొక సంగతి చెప్పాలిరా. నాకు ముందే..."

"తెలుసు" అన్నాడు, గీకడం ఆపకుండా.

"డాక్టరమ్మ చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు ఏ పనీ సగం తెలుసుకుని చెయ్యవు. గుంట తవ్వేముందే అడగాల్సినవన్నీ ఆవిణ్ణి అడిగి ఉంటావు. వదిన తెలిసి చెయ్యదు. నీకు తెలియకుండా ఉండదు."

ఊరంతా నమ్మనిది వాడొక్కడే నమ్మాడు. అదీ నేను చెప్పకముందే.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"ఏం చెయ్యమంటావు? కొట్టమంటావా?" వాడు తొట్టి వెనక్కి వాల్చి నీళ్ళు పారబోశాడు. "గొర్రెలు పోతే పోయాయి అన్నా. మళ్ళీ కొంటాను, లేకపోతే ఇంకో పని చూసుకుంటాను. కానీ ఆ మేత నువ్వు పంపావనే అనుకున్నాను చూడు. పొద్దున్నే గోడ అవతల నీ దగ్గు వినబడితే మనసుకి ఎంతో బాగుండేది. అన్నీ సర్దుకున్నాయమ్మా, అన్న మారాడు అని అమ్మతో అన్నాను. ఆవిడ ఆ రోజు ఎంత తిందో. ఇప్పుడు అమ్మకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు."

వాడు కాసేపు ఆగి చూశాడు. తర్వాత ఇంకో తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాడు.

వానలు ఆలస్యంగా పడ్డాయి. తమ్ముడు లారీలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడు. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వస్తాడు. బావి నీళ్ళు వంతులేసి వాడి చేనుకి కూడా వదులుతున్నాను. వాడు వద్దనలేదు, ఒక మంచి మాటా అనలేదు. దారిలో ఎదురుపడితే సైకిలు దిగడు. అలాగని మొహం తిప్పుకోడు.

ఒక రోజు మరదలు ఆ నాలుగు గొర్రెల్నీ తోలుకుని మా గేటు దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇల్లు, చేను, అత్తయ్య, అన్నీ నాకొక్కదానికే కుదరడం లేదు. వీటిని నువ్వు చూసుకుంటావా?"

మా ఆవిడ గేటు కడ్డీ పట్టుకుని అలాగే నిలబడింది. "నాకా ఇస్తావు?"

"నీకు కాకపోతే ఎవరికిస్తాను. ఊళ్ళో వీటి గురించి నీ అంత భయం ఇంకెవరికుంటుంది?"

మా ఆవిడ గేటు తీసింది. అవి లోపలికి వచ్చాక చాలాసేపు వాటి మధ్యే చతికిలబడి కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళలేదు.

ఆ గొర్రెలు ఇప్పుడు మందయ్యాయి. ఆవులకు ఏటా పాతర వేస్తూనే ఉన్నాం, దొడ్డికి ఆ చివర. గొర్రెలు ఈ చివర. వాటికి నేను ఏ గడ్డి మోసుకొచ్చినా, అడగకపోయినా పూర్తిగా చెబుతాను. ఇది కాలువ గట్టున కోసింది, దీని మీద మందు కొట్టలేదు, గుంట దగ్గర దించలేదు, చేతులు కడుక్కునే పట్టుకున్నాను అని. మా ఆవిడ అంతా ఓపిగ్గా వింటుంది. విన్నాక మోపులోంచి ఒక పిడికెడు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. ఆ తర్వాతే వాటికి వేస్తుంది.